రెక్క కోసి ప్రేమ అనకండి

ధ్యాన భాగాలు: యిర్మీయా 8:7, లేవీయకాండము 14:1-7, లూకా 12:6



ఈ వారం మేము రాస్తున్నది మనలో కొందరికి నచ్చదు. ముందే చెప్పుకుంటున్నాం. అయినా చివరిదాకా చదవండి. చదివాక కోపం వస్తే ఇంటికి రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరుడు మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, క్రిస్మస్‌కి మళ్లీ బాతులు తెమ్మంటారా? ఈసారి రెండు కాదు, ఆరు తెస్తాను. పిల్లలు సంతోషపడతారు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానుకల్లో ఎప్పుడూ ముందుండే మనిషి. మందిరం పైన రేకులు వేయించింది ఆయనే. "వద్దు తమ్ముడూ" అన్న రెండు మాటలు మా నోట్లోంచి రావడానికి చాలా సేపు పట్టింది. ఎందుకు పట్టిందో మాకు తెలుసు. ఆ రేకులు గుర్తొచ్చాయి. ఆ ఆలస్యానికి సిగ్గుపడుతున్నాం. ఆ "వద్దు" ఎందుకో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

మా తొట్టిలో జరిగింది

పోయిన ఏడాది క్రిస్మస్‌కి ముందు రెండు చిలువల్ని గంపలో పెట్టి, పైన గోనెపట్టా కప్పి తెచ్చారు. ఎగిరేటప్పుడు ఈల వేసినట్టు కూస్తాయి కాబట్టి ఇంగ్లీషువాళ్లు వీటిని విజిలింగ్ డక్ అన్నారు. కొల్లేటి ఒడ్డున పుట్టినవాళ్లకు ఆ ఈల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. చీకటి పడ్డాక వరిచేల మీదుగా పోయే గుంపు కంటికి కనపడదు, ఈల మాత్రం వినపడుతుంది. మన చిన్నతనమంతా ఆ ఈల వింటూనే నిద్రపోయాం.

గంపలోంచి తీసి చూస్తే ఒక్కోదానికి ఒక పక్క రెక్కలో పెద్ద ఈకలన్నీ కత్తెరతో కత్తిరించి ఉన్నాయి. ఒక పక్కే కత్తిరిస్తే ఎగరబోయినప్పుడల్లా పక్కకి ఒరిగి పడిపోతుందట. తెచ్చిన కుర్రాడు ఆ కిటుకు నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం.

మందిరం వెనక బాప్తిస్మాల కోసం కట్టించిన సిమెంటు తొట్టి ఉంది కదా. అందులో అడుగున్నర నీళ్లు పెట్టి వాటిని వదిలాం. మేమే వదిలాం, ఇంకొకరి మీద వేయడం లేదు. సండేస్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆకాశపక్షులను చూడమని ప్రభువు కొండ మీద చెప్పిన మాటను (మత్తయి 6:26) గుర్తుచేస్తూ కింద రెండు వాక్యాలు కూడా రాశాం. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇప్పుడు ఆ ఫోటో చూడాలంటే మాకే మొహం చెల్లడం లేదు. ప్రభువు చూడమన్నది ఆకాశంలో ఉన్న పక్షిని. మేము చూపించింది తొట్టిలో ఉన్నదాన్ని.

చిలువలు పగలంతా గుంపుగా నీళ్ల మీదో చెట్ల మీదో సేదతీరి, పొద్దుగూకాక మేతకు పోయే పక్షులు. అందుకే పగలు చూసినవాళ్లకు అవి బుద్ధిగా, మచ్చికైనట్టు కనపడ్డాయి. రాత్రి సంగతి మా ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. పైన గుంపు పోతుంటే తొట్టిలోంచి ఈ రెండూ జవాబిచ్చేవి. రెక్కలు కొట్టుకుని గోడకు తగిలి నీళ్లలో పడిన చప్పుడు వినపడేది. కాసేపాగి మళ్లీ అదే చప్పుడు. మూడో రాత్రి మా ఇంటావిడ లేచి కూర్చుని, "అవి వాళ్లవాళ్లని పిలుచుకుంటున్నాయండీ, మనకెందుకీ పాపం?" అంది. "పండగ అయ్యేదాకా ఉండనీ, పిల్లలు ముచ్చటపడుతున్నారు" అని అటు తిరిగి పడుకున్నాం.

నూకలు వేశాం, తవుడు కలిపి పెట్టాం. తినీ తినకా ఉండేవి. వారం దాటేసరికి అరికాళ్లు వాచాయి. మెత్తని బురదలో, గడ్డిలో నడిచే కాళ్లు సిమెంటు మీద నిలబడి నిలబడి పుండ్లు పడతాయని పశువుల డాక్టరుగారు చెప్పారు. అడవిపక్షి పట్టుబడినప్పుడు కొట్టుకుని కొట్టుకుని కండరాలు లోపలే చెడిపోతాయనీ, పైకి బాగానే ఉన్నట్టుండి కొన్ని రోజులకు చనిపోవచ్చనీ కూడా అప్పుడే విన్నాం. పదకొండో రోజు తెల్లవారి చూస్తే ఒకటి తొట్టి మూలన చచ్చి పడి ఉంది. రెండోది దాని పక్కనే మెడ ముడుచుకుని నిలబడి ఉంది. చిలువలు జంట కట్టి బతుకుతాయనీ, గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం ఆడదీ మగదీ కలిసే చేస్తాయనీ మాకు తర్వాత తెలిసింది. ఆ తెల్లవారుజామున అవేవీ తెలియకపోయినా, చూడగానే మాకు సంగతి అర్థమైంది.

ఆరోజు సాయంత్రం క్రిస్మస్ పాటలు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఒక పాప, ఏడెనిమిదేళ్లుంటాయి, "అయ్యగారూ, దాన్ని ఎవరు చంపారు?" అని అడిగింది. "ఎవరూ చంపలేదమ్మా, చలికి పోయింది" అన్నాం.

అది అబద్ధం. బాప్తిస్మపు తొట్టి పక్కన నిలబడి, దైవసేవకులమని చెప్పుకునే మేము, ఒక పసిబిడ్డతో ఆడిన అబద్ధం. ఆ మాటను ఈ రోజు అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాం. చంపింది మేమే.

మిగిలినదాన్ని అటవీ శాఖవాళ్లకు అప్పగించాం. ఆ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. మీ దగ్గరికి వచ్చి ఎన్ని రోజులైందని అడిగాడు. చెప్పాం. "అడవిజంతువు గానీ పక్షి గానీ చేతికొస్తే 48 గంటల్లో చెప్పాలండీ, చట్టం" అన్నాడు. తల వంచుకుని వచ్చేశాం.

ఇది ఒక్క తొట్టి సంగతి కాదు

మన చుట్టూ చూడండి. చేపల చెరువుల గట్ల మీద గెస్ట్ హౌసుల్లో, కొత్తగా కట్టుకున్న ఇళ్ల ముందు నీళ్ల తొట్టెల్లో, రెక్కలు కత్తిరించిన అడవిబాతులు కనపడుతున్నాయి. కొందరు వలేసి పట్టినవి కొంటారు. కొందరు గడ్డిలో గూడు చూసి గుడ్లు తెచ్చి నాటుకోడి కింద పొదిగిస్తారు. శీతాకాలంలో వచ్చే సూదితోక బాతుల్ని కూడా గంపల్లో పెట్టి ఇళ్లకు తెచ్చి అమ్ముతున్నారు. కొందరు వండుకుంటారు, కొందరు ఉంచుకుంటారు. ఉంచుకునేవాళ్లు వండుకునేవాళ్లకంటే తాము మంచివాళ్లమనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

నాటుబాతుల సంగతి మేము మాట్లాడడం లేదు. కోతలయ్యాక మన పొలాల్లో మందలు తోలుకునేవాళ్లు పెంచే బాతు వేరు. తరతరాలుగా మనిషి దగ్గరే పుట్టి, మనిషి దగ్గరే పెరిగిన జాతి అది. దాన్ని పెంచుకోండి, గుడ్లు తినండి, అమ్ముకుని పిల్లల్ని చదివించుకోండి. దేవుడు దీవించునుగాక. మేము మాట్లాడుతున్నది కొల్లేరు తన ఇల్లుగా ఉన్న పక్షి గురించి, వేల మైళ్లు దాటి వచ్చే పక్షి గురించి.

వీటి విషయంలో దేశానికి ఒక చట్టం ఉంది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వలేయడం, ఉరి పెట్టడం, ప్రాణంతో పట్టుకోవడం, గూడు చెడగొట్టడం, గుడ్లు తీయడం, అన్నీ వేట కిందికే వస్తాయి. అలా పట్టిన పక్షి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. డబ్బులిచ్చి కొన్నాం గనుక మాది అనే మాట చెల్లదు. పైగా మన కొల్లేరును 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు మన కుటుంబాలు పడ్డ బాధ మేము మరచిపోలేదు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది, దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. కానీ ఆ కోపాన్ని పక్షి రెక్క మీద తీర్చుకోవడం న్యాయం కాదు. గట్టు తెగ్గొట్టింది పక్షి కాదు.

"ఏలమన్నాడు కదా దేవుడు"

మనవాళ్లు చెప్పే మొదటి మాట ఇది. ఆదికాండము 1:28లో సముద్రపు చేపల్నీ ఆకాశపక్షుల్నీ ఏలమని దేవుడు మనిషికి అధికారమిచ్చాడు, నిజమే. అయితే ఆ వచనం దగ్గరికి వెళ్లే ముందు దానికి ఆరు వచనాల వెనక ఉన్నది చదవండి. ఐదో దినాన దేవుడు నీటిలో తిరిగేవాటినీ రెక్కలున్న పక్షుల్నీ చేసి, మంచిదని చూసి, వాటిని ఆశీర్వదించాడు. మనిషి ఇంకా పుట్టలేదు. బైబిల్లో మొట్టమొదటి ఆశీర్వాదం దొరికింది మనకు కాదు ప్రియులారా, చేపలకూ పక్షులకూ దొరికింది. ఫలించి భూమి మీద విస్తరించమని వాటికి చెప్పాడు. పక్షి ఎగరాల్సిన చోటు కూడా చెప్పాడు, భూమికి పైన, ఆకాశ విశాలంలో అని. మనకు వచ్చిన అధికారం దేవుడు ముందే ఇచ్చిన ఆశీర్వాదాన్ని రద్దుచేసే అధికారం కాదు.

ఏలడమంటే ఏమిటో యెహెజ్కేలు 34వ అధ్యాయంలో ఉంది. మందను మేపక తమ కడుపు తామే మేపుకున్న కాపరుల మీద దేవుడు ఎంత మండిపడ్డాడో చూడండి. బలహీనమైనదాన్ని బలపరచలేదని, గాయపడినదానికి కట్టు కట్టలేదని, కఠినంగా ఏలారని. మేము ఏం చేశాం? ఆరోగ్యంగా ఎగిరేదాన్ని తెచ్చి కుంటిదాన్ని చేశాం. దాన్ని ఏలుబడి అనుకుంటే, యెహెజ్కేలు ప్రవచనం మా గుమ్మం ముందు నిలబడి ఉన్నట్టే.

"నోవహు ఓడలో పెట్టలేదా?"

పెట్టాడు. ఎందుకు పెట్టాడు? బయట చావు ఉంది గనుక. ఎన్నాళ్లు పెట్టాడు? నీళ్లు తగ్గేదాకా. నోవహు పావురాన్ని వదిలిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. మొదటిసారి కాలు మోపడానికి చోటు లేక తిరిగి వచ్చింది. రెండోసారి ఒలీవ ఆకు తెచ్చింది. మూడోసారి తిరిగి రాలేదు. నోవహు ఏడ్చినట్టు గానీ, "ఇంత మేత పెట్టాను, నన్ను వదిలిపోయింది" అన్నట్టు గానీ రాసి లేదు. పావురం రాకపోవడమే శుభవార్త అని ఆయనకు అర్థమైంది. తర్వాత దేవుడే తన నోటితో ప్రతి పక్షినీ బయటికి తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు (ఆదికాండము 8:17). ఆపైన దేవుడు చేసిన నిబంధన నోవహుతో మాత్రమే కాదు, పక్షులతో కూడా (9:10). ఓడ తలుపు తీయడానికే మూశారు. మన తొట్టెలకు అసలు తలుపే లేదు.

ఇంకొందరు సొలొమోను నెమళ్లు తెప్పించుకున్నాడంటారు. అవును, 1 రాజులు 10వ అధ్యాయంలో ఓడల్లో బంగారం, వెండి, దంతం, కోతులతో పాటు నెమళ్లు కూడా వచ్చాయి. తర్వాతి అధ్యాయం కూడా చదవండి, ఆ కూడబెట్టిన రాజు హృదయం ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. లేఖనం ఆయనలో మెచ్చుకున్నది వేరు. పక్షుల గురించి, చేపల గురించి మాట్లాడగల జ్ఞానాన్ని మెచ్చుకుంది (4:33).

"మేము ప్రేమతోనే పెంచుతున్నాం"

ఈ మాట అనేవాళ్లను మేము ఎగతాళి చేయం. మేమూ అన్నవాళ్లమే. కానీ పరీక్ష ఒకటుంది. రెక్క ఈకలు పెరగనిచ్చి చూడండి. ఉంటే ప్రేమ. ఉండదని మనకు ముందే తెలుసు గనుకే చేతిలో కత్తెర పట్టుకున్నాం.

కత్తిరించిన ఈకలు మళ్లీ వస్తాయి. బాతు జాతి ఏడాదికోసారి రెక్కల పెద్ద ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుని కొన్ని వారాలు ఎగరలేక, గడ్డిలో దాక్కుని, కొత్త ఈకలతో లేస్తుంది. అది దేవుడు పెట్టిన ఏర్పాటు. మళ్లీ రాకూడదనుకున్నవాళ్లు రెక్క చివరి కణుపునే కోసేస్తారు. పిల్లగా ఉన్నప్పుడే కోస్తారు. ఇక ఆ పక్షికి ఆకాశం లేదు, చచ్చేదాకా లేదు. ఇది చేసి పక్షి ప్రేమికులమని చెప్పుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఎందరు చేసినా ఎముక కోయడం ఎముక కోయడమే.

"గుడ్డు నుంచి పెంచాం అయ్యగారూ, మా వెనకే తిరుగుతుంది, మమ్మల్ని అమ్మానాన్న అనుకుంటుంది" అని ఒక చెల్లెలు చెప్పింది. ఆ మాట నిజమే. కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ సంగతినే అడవిబాతు పిల్లల మీద పరిశీలించాడు. గుడ్డులోంచి బయటికి వచ్చాక మొదట కదిలేది ఏది కనపడితే దాని వెంట పడతాయవి. ఆయన వెంటే పడ్డాయి. ఇలాంటి పరిశోధనలకు 1973లో ఆయనకు నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. ఇందులో మనం ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ పిల్ల మనల్ని ఎంచుకోలేదు. దాని తల్లి ఉండాల్సిన చోట మనం నిలబడ్డాం, అంతే. ఎత్తుకొచ్చిన బిడ్డ అమ్మా అని పిలిస్తే ఎత్తుకొచ్చిన పాపం పోతుందా?

ద్వితీయోపదేశకాండము 22:6-7లో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో గూడు కనపడి, తల్లి పిల్లల మీదో గుడ్ల మీదో కూర్చుని ఉంటే, తల్లిని తీసుకోకూడదు, వదిలేయాలి. ఆకలిగా ఉన్న ప్రజలకు ఇచ్చిన ఆజ్ఞ అది. ఆకలి తీర్చుకునేవాడికే దేవుడు ఒక గీత గీశాడు. మరి ఆకలి లేకుండా, ముచ్చట కోసం పట్టేవాడికి ఏం చెప్తాడు? ఆ ఆజ్ఞకు జోడించిన వాగ్దానం చూడండి, మేలు కలుగుతుందని, దీర్ఘాయువు కలుగుతుందని. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు కూడా ఇదే వాగ్దానం. ఇంత చిన్న గూటికి అంత పెద్ద వాగ్దానం పెట్టాడు దేవుడు.

సంకుబుడి కొంగకు తెలిసినది

యిర్మీయా 8:7లో ప్రవక్త ఇశ్రాయేలును సిగ్గుపరచడానికి పక్షుల్ని సాక్ష్యానికి పిలిచాడు. సంకుబుడి కొంగకు తన కాలం తెలుసు, గువ్వకూ తాను రావలసిన వేళ తెలుసు, నా ప్రజలకు మాత్రం నా న్యాయవిధి తెలియదు అని అక్కడి భావం. పాలస్తీనా దేశం మీదుగా ఏటా వలసపోయే పక్షుల్ని చూస్తూ పెరిగిన మనిషి చెప్పిన మాట అది. శీతాకాలంలో కొల్లేటికి వచ్చే సూదితోక బాతులు ఉత్తరాన మంచుదేశాల్లో గూళ్లు కట్టుకుని, చలి ముదిరే ముందు బయలుదేరి వస్తాయి. తల మీద రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ అనే బాతు హిమాలయాల మీదుగా మన దేశానికి వస్తుంది. పరికరాలు కట్టి పరిశీలిస్తే కొన్ని 7,000 మీటర్ల ఎత్తు దాటి ఎగిరినట్టు తేలింది. దారి చూపే మ్యాపు లేదు, టికెట్టు లేదు. దేవుడు లోపల రాసిపెట్టాడు.

ఆ రాసిపెట్టినది బోనులో కూడా చెరిగిపోదు. వలస పక్షుల్ని బోనులో ఉంచి చూసిన శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. వలస కాలం రాగానే వాటికి నిద్ర పట్టదు, తాము పోవలసిన దిక్కుకే తిరిగి రెక్కలు కొట్టుకుంటాయి. మేత ఉంది, నీళ్లున్నాయి, పిల్లి భయం లేదు. అయినా దేవుడు పిలిచిన దిక్కుకు తిరిగి కొట్టుకుంటాయి. మనం ఆ పక్షిని దేని నుంచి ఆపుతున్నామో ఆలోచించండి. దాని సృష్టికర్తకు లోబడడం నుంచి ఆపుతున్నాం. యిర్మీయా ఎత్తిచూపిన సాక్షిని తెచ్చి మన తొట్టిలో నోరు కట్టి కూర్చోబెడుతున్నాం.

పట్టేవాడు, కొనేవాడు

"పేదవాడి పొట్ట కొడతారా అయ్యగారూ?" అని అడిగేవాళ్లున్నారు. వల వేసేవాళ్లలో మన సంఘస్థులూ ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో మేము కూర్చుని అన్నం తిన్నాం. చేపల పని లేని రోజుల్లో ఆ వందల రూపాయలు ఎంత అవసరమో మాకు తెలుసు. అందుకే మా కోపం ముందు వాళ్ల మీదికి పోదు. రాత్రంతా నడుము లోతు నీళ్లలో నిలబడినవాడికి వందలు, గెస్ట్ హౌసులో చూసి ఆనందించేవాడికి హోదా. పట్టుబడితే కేసు మాత్రం వల వేసినవాడి మీదే. కొనేవాడు లేకపోతే ఆ చలిలో నీళ్లలోకి దిగేవాడు ఎవడు?

యిర్మీయా 5:26-27లో ప్రవక్త దుష్టుల్ని పొంచి ఉన్న వేటగాళ్లతో పోల్చాడు. పంజరం పిట్టలతో నిండినట్టు వాళ్ల ఇళ్లు కపటంతో నిండాయనీ, అలాగే వాళ్లు గొప్పవాళ్లూ ధనవంతులూ అయ్యారనీ చెప్పాడు. అక్కడ మాట మనుషుల్ని పట్టేవాళ్ల గురించి, పక్షుల గురించి కాదు. అది మేము దాచం. కానీ కపటానికి పోలిక కావలసి వచ్చినప్పుడు దేవుని ఆత్మ చూపించినది నిండిన పంజరాన్ని. మన ముంగిట్లో ఆ పోలిక ఎందుకు కట్టుకోవాలి?

ప్రభువు కాలంలోనూ పిట్టల అంగడి ఉంది. మత్తయి 10:29లో రెండు పిచ్చుకలు ఒక కాసుకు. లూకా 12:6లో ఐదు పిచ్చుకలు రెండు కాసులకు. లెక్క వేయండి. నాలుగు కొంటే ఐదోది కొసరు. బేరంలో విలువే లేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పాడు. అయితే మా తొట్టి మూలన పడి ఉన్న చిలువను మరచిపోయి ఉంటాడా? ఈ ప్రశ్న వేసుకోకుండా మేము క్రిస్మస్ ప్రసంగం చేశాం. ఆ ప్రసంగం మాకు గుర్తులేదు. ఆ చిలువ గుర్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది ఆరోగ్యం సంగతి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలకు బర్డ్‌ఫ్లూ వచ్చి ఎందరు రైతులు నష్టపోయారో చూశాం. ఆ జబ్బు తెచ్చింది ఎవరని మేము తీర్పు తీర్చం. కానీ అడవి నీటిపక్షుల్లో ఆ వైరస్ ఏ లక్షణమూ కనపడకుండా ఉండగలదని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. దాన్ని తెచ్చి పెరటికోళ్ల మధ్య, పిల్లలు చేతులు పెట్టే తొట్టిలో వదలడం తెలివైన పనేనా?

వదిలిన పక్షి

లేవీయకాండము 14వ అధ్యాయం మనం తరచుగా చదవం. కుష్ఠరోగి శుద్ధుడైన దినాన యాజకుడు ప్రాణమున్న రెండు పక్షుల్ని తెప్పించాలి. ఒకదాన్ని పారే నీటి మీద వధించాలి. రెండోదాన్ని ఆ రక్తంలో ముంచి, ఆ మనిషి మీద ఏడుసార్లు ప్రోక్షించి, దాన్ని బయట మైదానంలో ఎగరనివ్వాలి. పాళెం బయట ఒంటరిగా బతికిన ఆ మనిషి, ఎగిరిపోతున్న పక్షిని చూసి, తనకేం జరిగిందో తెలుసుకోవాలి. ఒకటి చనిపోయింది గనుక ఇంకొకటి విడుదలైంది. ఇక్కడ క్రీస్తు కనపడని విశ్వాసి ఉంటాడా?

బాప్తిస్మం అంటే అదే కదా. ఆయన మరణంలోకి దిగి, విడుదల పొంది పైకి లేస్తాం. మా తొట్టిలో ఎంతమంది కన్నీళ్లతో దిగి, నవ్వుతూ పైకి వచ్చారో మాకు తెలుసు. ఆ తొట్టినే మేము చెరసాలగా చేశాం. ఒకటి చనిపోయింది, రెండోది రెక్క తెగి నిలబడింది. లేవీయకాండాన్ని తలకిందులుగా ఆడి చూపించాం. సృష్టి అంతా మూలుగుతూ దేవుని పిల్లల స్వాతంత్ర్యం కోసం ఎదురుచూస్తోందని రోమా 8వ అధ్యాయం చెప్తుంది. ఎదురుచూసేది మన కోసమే. ఆ పిల్లలమైన మనమే కత్తెర పట్టుకుని వస్తే, ఇక అది ఎవరి కోసం చూడాలి?

మనం చేయవలసినది

సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడాం. ఇకమీదట మందిరం ఆవరణలో అడవిపక్షిని ఉంచం. అలాంటి కానుక ఎవరు తెచ్చినా తీసుకోం, రేకులు వేయించినవాళ్లు తెచ్చినా సరే.

మీ ఇళ్లల్లో ఇప్పటికే ఉంటే భయపడి రాత్రికి రాత్రి రోడ్డు మీద వదలకండి. రెక్క తెగినది కుక్కల పాలవుతుంది. మాకు చెప్పండి, మీతో పాటు మేమే అటవీ శాఖవాళ్ల దగ్గరికి వస్తాం. మేము ఒకసారి తల వంచుకున్నాం, రెండోసారి వంచుకోవడానికి అభ్యంతరం లేదు. గాయపడిన పక్షి దొరికితే పెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచి వెంటనే చెప్పండి. కాపాడడానికి 48 గంటలు చాలు, ఉంచుకోవాలన్న ఆశకే అవి చాలవు.

పిల్లలకు పక్షుల్ని చూపించాలా? కైకలూరు పక్కనే ఆటపాక ఉంది. అక్కడ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాటంతట అవే వచ్చి వాటి మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపుతాయి. రెక్క కోయలేదు, మూత పెట్టలేదు. నిలబడడానికి చోటిచ్చారు, వచ్చాయి. కాలం రాగానే పోతాయి, మళ్లీ వస్తాయి. పెంచడం కాదు, చోటివ్వడమే ప్రేమ అని అక్కడ కళ్లారా చూడొచ్చు. ఈ జనవరిలో సండేస్కూలు పిల్లలందర్నీ అక్కడికి తీసుకెళ్తున్నాం. ఆటోలకు డబ్బులు కావాలి. బాతులు తెస్తానన్న తమ్ముడిని ఈ ఖర్చు పెట్టుకోమని అడిగాం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసి, "ఎన్ని ఆటోలు అయ్యగారూ?" అన్నాడు. దేవునికి స్తోత్రం.

ఆ పాప కూడా వస్తుంది. ఈ ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చలికి కాదమ్మా, మా వల్ల పోయిందని చెప్తాం. ఆమె ఏమంటుందోనని మాకు భయంగా ఉంది. అయినా చెప్తాం.

ప్రార్థన: ఆకాశ విశాలంలో పక్షుల్ని ఉంచి మాకంటే ముందే వాటిని ఆశీర్వదించిన తండ్రీ, నీవు ఇచ్చిన రెక్కను మేము కోసినందుకు క్షమించు. మా ఇళ్లల్లో, మా మందిరంలో చిక్కుకుని ఉన్నవాటిని విడిపించే ధైర్యమివ్వు. వల వేయకుండా బతికే దారి మా పేద సహోదరులకు చూపించు, ఆ దారి వేయడంలో మమ్మల్ని వాడుకో. మమ్మల్ని విడిపించడానికి ప్రాణమిచ్చిన యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.